నాలుగు గ్లాసులు ఒక్క గ్లాసయ్యేదాకా

నల్లేరు కోసే ముందు చేతులకు నూనె పూసుకోవల్ల, లేకుంటే దురద పెడతాదని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో అందరూ ఉండారు. కోసేది మాత్రం చౌడేశ్వరి ఒక్కతే. నూనె పూసుకుంటే కత్తి జారుతుంది, పూసుకోకుంటే మోచేతుల దాకా గోక్కోవాలి. ఆమె ఏ పొద్దూ పూసుకోదు. దురదైతే కాసేపుండి పోతుంది, తెగిన వేలితో దినమంతా బోకులు తోమేదెవరు?

"నాలుగు గ్లాసులు పోసినావామ్మే?" వసారాలో మంచం మీద నుంచి అత్త బయమ్మ అడిగింది.

"పోసినా అత్తా."

"ఒక్క గ్లాసుకు రావల్ల. మొన్న రెండు గ్లాసులకే దించినట్టుండావు, రవ్వంత కూడా గుణం కనపడలేదు."

దించలేదు. మొన్న ఒక్క గ్లాసు కంటే తక్కువకే వచ్చింది. పొయ్యి కాడ నిలబడి నిలబడి చౌడేశ్వరికే మోకాళ్ళు వాచినాయి. ఆ మాట అంటే "నువ్వూ ఒక గుక్క తాగరాదా, నేను వద్దన్నానా" అంటుంది అత్త. తాగుతానే ఉంది. అత్తకు సగం, తనకు సగం, ఏడాది పైనే అయింది. తాగే కొద్దీ నడుము బిగుసుకుంటా ఉంది గానీ వదులైంది లేదు. కింద కూర్చుంటే లేచేదానికి పొయ్యిగట్టు పట్టుకోవాలి. వెనక నుంచి ఎవరన్నా పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. నలభై నాలుగేండ్లకే ఇట్లయితే అత్త వయసుకు ఏమవుతానో అని అనుకోవడం, అంతలో కషాయం పొంగడం, ఆ ఆలోచన అక్కడికి ఆగిపోవడం.

బయమ్మ మోకాళ్ళకు పొద్దు మొదలయ్యేది నల్లేరుతో, ముగిసేది ఉప్పు మూట కాపడంతో. నడుమ వావిలాకు నీళ్ళు కాగాలి, జిల్లేడాకుకు ఆముదం రాసి పెనం మీద వాడ్చి మోకాలికి కట్టాలి, మెంతులు నానేసి నూరాలి. వావిలి చెట్టు యాడుంది? నీళ్ళ వంక దాటి అవతల. జిల్లేడుకు కరువు లేదు, ఊరంతా అదే, కానీ పాలు కంట్లో పడకుండా తెంపుకొచ్చేదెవరు? చూసేకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక ఆకు పేరు చెప్పి, కాఫీ తాగి, "ఇంటి వైద్యమమ్మా, దుడ్లు పెట్టే పనే లేదు" అని లేచిపోతారు. నిజమే. దుడ్లు పెట్టే పని లేదు, చౌడేశ్వరిని పెడితే చాలు.

దీనికి తోడు ఆడబిడ్డ పద్మప్రియ. ఉండేది బెంగళూరులో. తల్లి మీద ఆమెకుండే ప్రేమంతా ఫోనులో వీడియోలు పంపడంలో చూపిస్తుంది. వంకాయ వాయువు, అమ్మకు పెట్టొద్దు వదినా అంది, వంకాయ బందు. చింతపండు ఎముకల్ని తినేస్తాదంట, పులుసు బందు. గోంగూర బందు. వారం తిరక్కముందే ఇంకెవడో తెల్లకోటు తొడుక్కొని గోంగూర అమృతం అంటాడు, ఆ వీడియో కూడా వస్తుంది. "ఏది నమ్మల్లమ్మా పద్మా?" అని అడిగితే, "రెండూ చేసి చూడు వదినా, పోయేదేముంది" అంది. పోయేదేముందంట. పంపేకి ఆమెకు ఒక వేలు చాలు, చేసేకి ఈమెకు ఒళ్ళంతా కావాలి. సంతలో అమ్మే నల్ల మాత్రలు కూడా ఆ పద్మప్రియ మాట మీదనే తెప్పించినారు. రెండు దినాలు బయమ్మ కర్ర లేకుండా వాకిలి దాకా నడిచింది. ఇల్లంతా పండగే. నెలకు మొహం గుమ్మడికాయ మాదిరి ఉబ్బింది. మాత్రలు ఆపితే మళ్ళీ మంచం. అప్పుడు మాత్రం ఫోను రాలేదు.

చౌడేశ్వరి మొగుడు నాగేశ్వరకు గార్లదిన్నెలో ఎరువుల అంగడి ఉంది. పొద్దున పోతే చీకటి పడినాకనే ఇంటికి రావడం. "ఏమప్పా, నాకూ మెడ తిరగడం లేదు, ఒకసారి ఆసుపత్రికి పోదామా" అని ఆమె ఒకనాడు అడిగింది. ఫోనులో నుంచి తల ఎత్తకుండానే, "ఇంట్లో నీడపట్టున ఉండే మీకు ఏం నొప్పులే? ఎండలో తిరిగే మేం బాగనే ఉండాం కదా. ఒళ్ళు వంచితే అదే పోతాది. రవ్వంత వంగి పని చెయ్" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె అతని కుర్చీ కింద వంగి బండలు తుడుస్తా ఉంది. కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు కూడా, తుడిచేదానికి అడ్డం లేకుండా.

అయినా ఆ మాట ఆమెను వదల్లేదు. తిట్టు మాదిరి కాదు, లెక్క తేలని ప్రశ్న మాదిరి పట్టుకుంది. నిజమే కదా, ఈ ఇంట్లో మొగోనికి లేని నొప్పి ఇద్దరు ఆడోళ్ళకు ఏంటికి? కాన్పుల వల్లనా? సంగటి కెలికి కెలికి భుజాలు పోయినాయా? ఆడపుట్టుకే అంతనా? అడిగితే అందరి దగ్గరా జవాబుంది. వాయువు. వాతం. చల్లనీళ్ళు. నల్ల వంకాయ. ఒక్కో జవాబుకు ఒక్కో ఆకు, ఒక్కో ఆకుకు ఒక్కో గిన్నె, ఆ గిన్నెలన్నీ తోమేకి మళ్ళీ ఆమే.

ఒకనాడు బయమ్మ స్నానం బండ మీద నుంచి లేయలేకపోయింది. చౌడేశ్వరి ఒక్కతే లేపలేక వీధిలో ఇద్దరిని పిలిచింది. వీధి చూసింది కాబట్టి నాగేశ్వర కారు తీసినాడు. అనంతపురంలో ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్న వయసుదే, గొంతు మాత్రం పొద్దున్నుంచి అరిచి అరిచి అలిసిపోయినట్టుంది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "అవ్వా, గడ్డం ఎదకు ఆనించు" అంది. బయమ్మకు ఆనలేదు. డాక్టరమ్మ అప్పుడు చౌడేశ్వరి దిక్కు తిరిగింది.

"నువ్వు ఆనించమ్మా."

"నాకు కాదు డాక్టరమ్మా, మా అత్తకు చూపించేకి వచ్చినాం."

"తెలుసు. ఆనించు."

చౌడేశ్వరి మెడ సగంలోనే నిలబడింది. చేతులు తల వెనక్కి పెట్టమంటే చెవుల దాకా వచ్చి ఆగినాయి. వంగి కాలివేళ్ళు ముట్టుకోమంటే మోకాళ్ళ కిందికి చెయ్యి దిగలేదు. పరీక్షలో తప్పిన పిల్ల మాదిరి ఆమెకు సిగ్గేసింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "ఏం నీళ్ళు తాగుతారు మీరు?" అని అడిగింది.

"మా బోరు నీళ్ళే. మంచివి. మరగ కాంచి తాగుతాం."

"పిల్లల పళ్ళు ఎట్లున్నాయి?"

"మా పాపకు గార పట్టినాయి" అంది చౌడేశ్వరి. కూతురు ఆశ్రిత పళ్ళ మీద పచ్చగా గారచారలు. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో చదువుతోంది, ఏ ఫోటోలోనూ నోరు తెరిచి నవ్వదు. చిన్నప్పుడు ఉప్పుతో తోమించింది, బొగ్గుతో తోమించింది, చిగుళ్ళు నెత్తురొచ్చేదాకా తోమించింది. "పిల్లకు పళ్ళు తోమిచ్చేది కూడా నేనే నేర్పియ్యల్లనా?" అని నాగేశ్వర బంధువుల ముందే అన్నాడు. ఆ మాట పడినాక మర్నాడు ఇంకొంచెం గట్టిగా తోమించింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఇప్పుడు ఆసుపత్రిలో గుర్తుకొచ్చింది.

నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంటే పిల్లల పళ్ళు అట్లా అవుతాయి, పెద్దోళ్ళ కీళ్ళు ఇట్లా అవుతాయి అని డాక్టరమ్మ చెప్పింది. లోతు బోర్లలో ఇది చాలాచోట్ల ఉందని, నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించమని చెప్పింది. ఇంట్లో ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే, చౌడేశ్వరి కషాయం నుంచి కాపడం దాకా అంతా ఒప్పజెప్పింది.

"కాపడం పెట్టుకో, హాయిగా ఉంటుంది. ఆముదం రుద్దుకో, అదీ హాయే. కానీ హాయి వేరు, నయం వేరు. జిల్లేడు పాలకు చర్మం పుండవుతుంది, అది వద్దు. సంత మాత్రలు అసలే వద్దు, అందులో ఏం కలుపుతారో వాళ్ళకే తెలియదు. వంకాయ మానేస్తే మోకాలు వంగదు, నోరు చప్పబడుతుంది, అంతే. మునగాకు తినండి, పాలు తాగండి, అవి మంచివి. నల్లేరు సంగతి నేనేమీ అనను. అది ఏ నీళ్ళల్లో మరగబెడుతున్నావో అది చెప్పు."

"బోరు నీళ్ళల్లోనే. నాలుగు గ్లాసులు ఒక్క గ్లాసయ్యేదాకా."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మరగబెడితే పురుగు చస్తుందమ్మా. ఇది పురుగు కాదు, ఉప్పు లాంటిది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఇది గిన్నెలోనే ఉంటుంది. నాలుగు గ్లాసుల్లో ఉండేదంతా ఒక్క గ్లాసులో తాగుతున్నారు మీరు." తర్వాత గొంతు తగ్గించి, "పెద్దామెకు బిగుసుకున్నవి ఇంక వదులు కావు. నొప్పి తగ్గించగలను, అంతే. నీకు ఇంకా టైముంది. నీళ్ళు మార్చు. మార్చకపోతే నువ్వూ ఇదే మంచం మీదికి వస్తావు" అంది.

చౌడేశ్వరికి భయం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియలేదు. వంక దాటి పోయిన పొద్దులన్నీ, దురద పెట్టిన చేతులు, కరిగిపోయిన గ్యాసు, రెండు గ్లాసులకే దించినావని పడిన మాటలు, ఇంత చాకిరీ చేసి అత్తకు, తనకు తన చేత్తోనే ఇచ్చుకున్నది ఇదా అనిపించింది. బద్ధకమై రెండు గ్లాసులే పోసి మరగబెట్టి ఉంటే సగం మేలు జరిగి ఉండేది. ఇన్నేండ్ల కాపురంలో బద్ధకం వల్ల లాభం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాగేశ్వర అంతసేపూ బయట నిలబడి ఫోనులో యూరియా లోడు గురించి మాట్లాడతానే ఉన్నాడు. కారులో ఆమె విషయం చెప్పింది. "డాక్టర్లు అట్లనే చెప్తారు లే. ఊరంతా అవే తాగుతాండారు, అందరూ సచ్చినారా?" అన్నాడు.

"సావలేదు. వంగిపోయినారు" అంది చౌడేశ్వరి.

"గమ్మునుండు" అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆమె గమ్మునే ఉంది.

ఆ బోరు సంగతి కొంచెం చెప్పాలి. చౌడేశ్వరి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నెలలో పడిన బోరు అది. అంతకుముందు వేసినవన్నీ దుమ్ము కక్కినాయి. ఇది మాత్రం ఎంతో లోతుకు పోయినాక నీళ్ళు చిమ్మింది. కొత్త కోడలితో పసుపు కుంకుమ చల్లించి, తొలి దోసిలి ఆమెతోనే తాగించినారు. "మా కోడలి కాలు మంచిది" అని బయమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ ఇంట్లో చౌడేశ్వరి అందుకున్న మెప్పు అదొక్కటే. కొన్నేండ్లకు నాగేశ్వర ప్రహరీ గోడ అవతలికి పైపు లాగి వీధికి ఒక కొళాయి ఇచ్చినాడు. నాగేశ్వర కొళాయి అనే పేరు నిలబడిపోయింది. పంచాయతీ ఎలక్షన్లలో ఒకసారి గెలిచింది ఆ కొళాయి మీదనే. మళ్ళీ నిలబడాలని చూస్తున్నాడు. ఊరి చివర బడి పక్కన శుద్ధి చేసిన నీళ్ళు అమ్మే ప్లాంటు ఉంది. అక్కడి నుంచి క్యాను తెప్పించమని ఆమె అడిగితే, "నాగేశ్వర ఇంటికే ప్లాంటు క్యాను వస్తాందంటే రేపు కొళాయి కాడ ఏమనుకుంటారే? నోరు మూసుకొని ఉండు" అన్నాడు.

మొగుడు అట్లంటే అత్త ఇంకొకటి. "నువ్వు కాలు పెట్టినాక పడిన నీళ్ళు. వాటిని నువ్వే తిడితే నీకే తగులుతాది" అంది. మర్నాడు కషాయం పెట్టకపోతే, "కాంచేకి ఒళ్ళు బరువై డాక్టరు పేరు అడ్డం పెట్టుకుంటాండావు" అని పద్మప్రియకు ఫోను చేసి మరీ చెప్పింది. పద్మప్రియ వెంటనే ఇంకొక వీడియో పంపింది. రాగి చెంబులో రాత్రంతా పెడితే నీళ్ళలో దోషమంతా పోతుందంట. చౌడేశ్వరి దాన్ని చూడకుండానే తీసేసింది. ఆడబిడ్డ వీడియో తీసేయడం ఆమెకు అదే మొదలు.

నీళ్ళు ఎవరూ తేకపోతే తానే తెచ్చుకుంటుంది. బిందె చంకనేసుకొని ప్లాంటు దాకా పోయి వచ్చింది. దారిలో మూడుచోట్ల దించి నిలబడింది. "ఏమక్కా, మీ కొళాయి పాడైందా?" అని ఎదురొచ్చిన మారెమ్మ అడిగితే నవ్వి ఊరుకుంది. సాయంత్రానికి ఆ మాట అంగడి దాకా పోయింది. నాగేశ్వర ఇంటికొచ్చి, చెప్పులన్నా విప్పకుండా ఆ బిందె ఎత్తి గుడ్డలుతికే బండ మీద గుమ్మరించినాడు. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. నడుము పట్టేసిన మనిషి మోసుకొచ్చిన నీళ్ళు కాలవలో పోతా ఉంటే చూస్తా నిలబడింది. ఇంత నొప్పి చెప్పుకునేదానికి ఈ ఇంట్లో ఒక్క మనిషి లేడే అని ఆ పొద్దు ఏడుపొచ్చింది.

ఆదివారం అంగడి సెలవు. నాటుకోడి కూర, సంగటి, శెనక్కాయ ఊరిబిండి పచ్చడి. నాగేశ్వర హాల్లో కూర్చొని తింటున్నాడు, బయమ్మ పక్కనే కుర్చీలో కాళ్ళు చాపుకొని ఉంది. మిరపకాయ కొరికినాడో ఏమో, పొలమారి దగ్గు అందుకుంది. చౌడేశ్వరి నీళ్ళ గ్లాసు అందించింది. అతను చెయ్యి అడ్డం పెట్టి, "బండిలో బాటిలుండాది, తేపో" అన్నాడు.

ఆ బాటిలు కొత్తదేమీ కాదు. అంగడి నుంచి దినామూ తెచ్చుకుంటాడు. రాత్రి మంచం పక్కన పెట్టుకునేది కూడా దాన్నే. చల్లనీళ్ళకు అలవాటు పడినాడులే అని ఇన్నేండ్లూ అనుకుంది. ఇంట్లో ఫ్రిజ్జు ఉంది కదా, చల్లనీళ్ళు ఇంట్లోనూ ఉన్నాయి కదా అని ఏ పొద్దూ తోచలేదు. ఇప్పుడు తోచింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి అట్లనే ఉంది, వెనక్కి రాలేదు.

"ఇవి తాగప్పా. ఫ్రిజ్జులోవే. చల్లగా ఉండాయి."

"వద్దులే. బాటిలు తే."

"ఏంటికి వద్దు?"

"తినేకాడ ఏందే నీ గోల?"

"ఏంటికి వద్దో చెప్పు. మన బోరువే కదా. ఊరందరికీ ఇచ్చినవే కదా."

మిరప ఘాటుకు అతనికి కళ్ళల్లో నీళ్ళు, గొంతులో మంట. ఆ విసుగులో నోరు జారినాడు. "తాగే నీళ్ళు కావే అవి. అప్పుడు మనమే ప్లాంటు పెడదామని టెస్టుకు ఇచ్చినప్పుడే చెప్పినారు." అని, అన్నాక ఆగినాడు. దగ్గు కూడా ఆగిపోయింది.

"ఎప్పుడు ఇచ్చినావు?"

"ఎప్పుడో లే."

"ఎప్పుడు?"

"పాప ఇంటర్లో చేరిన ఏడు."

పాప ఇంటరు అయిపోయి, డిగ్రీ అయిపోయి, ఇప్పుడు పీజీ చదువుతోంది. ఆ ఏండ్లన్నీ ఇతను బాటిలు తెచ్చుకున్నాడు. ఆ ఏండ్లన్నీ తామిద్దరూ బిందెల కొద్దీ తాగినారు, వండుకున్నారు. పోయిన ఏడాది నుంచి మరగబెట్టుకొని మరీ తాగినారు. ఆ కషాయం వాసన ఇల్లంతా నిండుతుంటే ఇతను ఆ వసారాలోనే చెప్పులు తొడుక్కొని అంగడికి పోయినాడు. మొగోనికి లేని నొప్పి ఆడోళ్ళకు ఏంటికి అని తాను కాన్పులను అనుమానించింది, సంగటిని అనుమానించింది, ఆఖరికి ఆడపుట్టుకను అనుమానించింది. ఇతన్ని మాత్రం అనుమానించలేదు.

"నాగేశా" అంది బయమ్మ. గొంతు చిన్నగా వచ్చింది. "నాకేంటికి చెప్పలేదురా?"

"చెప్తే ఏం చేస్తావు మా? దినామూ క్యాన్లు మోసేదెవరు? కొళాయికి చెడ్డపేరు వస్తాది. మీరు ఇంట్లో ఉండేవాళ్ళు, ఎండన పడి తిరిగేదా పాడా, ఎన్ని తాగుతారులే అనుకుంటి."

బయమ్మ కొడుకును చూస్తానే ఉంది. ఆమె మెడ పక్కకు తిరగదు కాబట్టి మనిషిని చూడాలంటే భుజాలతో సహా తిప్పుకోవాలి. అట్లనే తిప్పుకొని చూస్తా ఉంది.

చౌడేశ్వరి గ్లాసు కింద పెట్టింది. తిట్టాలనుకుంది, మాటలు ఉన్నాయి, ఇన్నేండ్లుగా పోగేసినవే. కానీ తిడితే ఏమవుతుందో తెలుసు. తలుపులు మూస్తారు, పద్మప్రియకు ఫోను పోతుంది, వదినకు కోపం ఎక్కువైందని ఇంకొక వీడియో వస్తుంది. గోడ అవతల బిందెల చప్పుడు వినపడుతోంది. మధ్యాహ్నం నీళ్ళు వదిలే వేళ. ఆ చప్పుడు దినామూ వినేదే. ఆ బిందెలు పట్టుకునేది కూడా ఇండ్లల్లో ఉండేవాళ్ళే. చౌడేశ్వరి కొంగు దులుపుకొని వాకిలి దిక్కు నడిచింది.

"యాడికి?" అన్నాడు నాగేశ్వర.

"కొళాయి కాడికి."

అతను సంగటి చేత్తోనే లేచినాడు. "ఏమే, నా పరువు తీస్తావా? మా, దాన్ని ఆపు. నువ్వు చెప్తే వింటాది."

"నాకు లేసేకి కాదురా" అంది బయమ్మ. "అయ్యేటట్లుంటే నేనే పోయి చెప్పేదాన్ని."

వీధిలో నలుగురైదుగురు ఆడోళ్ళు ఉన్నారు. మారెమ్మ బిందె సగం నిండింది. చౌడేశ్వరికి తెలుసు, డాక్టరమ్మ చెప్పిందంటే వీళ్ళు నవ్వుతారు. నేను చెప్తున్నానంటే, ఈమెకేం తెలుసులే అంటారు. ఈ ఊర్లో ఎవరి మాటకు ఎంత విలువో ఆమెకు బాగా తెలుసు. వంగి కొళాయి కట్టేసింది. నడుము కలుక్కుమంది. గోడ పట్టుకొని నిదానంగా లేచి నిలబడింది.

"ఈ నీళ్ళు బోకులకు, గుడ్డలకు పెట్టుకోండి మ్మే. తాగొద్దండి, వంటకు వద్దు, పిల్లోళ్ళకు అసలే వద్దు" అంది. "నేను చెప్పే మాట కాదు ఇది. మా ఇంటాయన టెస్టు చేయించి చెప్పినాడు. లోపలే ఉండాడు. చెయ్యి కడుక్కొని వస్తాడు, అడగండి."